సాక్షి లేని గీత

బూర్య మొదలైతే విపావా లోయలో మనుషులకి సగం బుద్ధి పనిచెయ్యదు. కొండ మీంచి దిగే ఆ గాలి లారీలని పక్కకి పడుకోబెడుతుంది, ఎగిరిపోకుండా పెంకుల మీద పెట్టుకున్న రాళ్ళని దొర్లిస్తుంది, సంసారాల్లో లేనిపోని తగాదాలు పెడుతుంది. అలాంటి చోటుకి, వెంట్రుకలో పదోవంతు కదిలినా పనికిరాకుండా పోయే యంత్రాన్ని తెచ్చి పెట్టిన పెద్దమనుషులకి ఆ రోజు ఏ గాలి సోకిందో మరి. అప్పటి మంత్రిగారి సొంతూరు పక్కనే అవడం తప్ప ఇంకో కారణం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

ఆ యంత్రం ఒక పెద్ద గుండ్రటి గొట్టం. అందులో ఎలక్ట్రాన్ల పుంజం పిచ్చెక్కినట్టు తిరుగుతూ ఉంటుంది. అయస్కాంతాలు దాన్ని మలుపు తిప్పిన ప్రతిచోటా వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగుని కంటికి ఆనీ ఆనని స్ఫటికం మీద పడేలా చేస్తే వెనక తెర మీద చుక్కలు పడతాయి. చుక్కలు చదవడం వచ్చినవాళ్ళు ఆ స్ఫటికంలోని అణువు ఏ ఆకారంలో ఉంటుందో బొమ్మ గీసి మరీ చెబుతారు. చిక్కల్లా పుంజం నిలకడగా ఉండకపోవడమే. రోడ్డు మీద లారీ వెళ్తే ఉలిక్కిపడుతుంది, నీళ్ళ పంపు తిరిగితే వణుకుతుంది, ఎండ పొడిస్తే పక్కకి జరుగుతుంది.

దాన్ని కదలకుండా నిలబెట్టడం నెవెంకా బటగెల్ పని. గొట్టం పొడుగునా కళ్ళలాంటి పరికరాలు ఉంటాయి. పుంజం ఎక్కడుందో అవి చూసి చెబితే, ఎక్కడ ఉండాలో అక్కడికి చిన్న చిన్న అయస్కాంతాలు దాన్ని నెడతాయి. సెకనుకి కొన్ని వేలసార్లు. ఈ ఏర్పాటు మొత్తానికీ అక్కడివాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు కాపరి. నెవెంకా చదువు అయిపోగానే ఇక్కడికి వచ్చింది, కాపరిని తన చేత్తో తయారుచేసింది, జుట్టు నెరిసేదాకా దాన్నే సాకింది. కాపరిని ఎవరైనా ఒక మాటంటే ఆవిడ నాలుగు మాటలనేది.

ఇంత మురిపెంలోనూ ఒక కట్టుబాటు ఉండేది. స్ఫటికాల గది ముందు, వెలుగు వచ్చే దారిలో, స్టాండు మీద ఇంకో కన్ను ఉండేది. అది కాపరితో మాట్లాడదు. కాపరి తన పని సరిగ్గా చేస్తున్నాడా లేదా అని పక్కనుంచి చూడటమే దాని ఉద్యోగం. దాన్ని సాక్షి అనేవారు. "ఏ కళ్ళని చూసి దిద్దుతున్నామో ఆ కళ్ళనే బాగుందా అని అడక్కండి. అవెప్పుడూ బాగుందనే అంటాయి" అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ నెవెంకాయే చెప్పేది.

కిందటి ద్రాక్ష కోతలప్పుడు డైరెక్టరు ఏదో సభకి వెళ్ళి మొహం మాడ్చుకుని వచ్చాడు. వేరే దేశం వాళ్ళ తెర మీద పుంజం కదలికని చూపించే గీత తీగలాగినట్టు ఉందట, మనది వానపాములా మెలికలు తిరుగుతోందట. ఆ మాట పదిమందిలో అనేసరికి నెవెంకాకి తల కొట్టేసినట్టయింది. సాక్షి చూపు మిగతా కళ్ళకన్నా చురుకని ఆవిడకి తెలుసు. దాన్ని కూడా కాపరి కొలువులో పెట్టేస్తే గీత తిన్ననవుతుందనీ తెలుసు. పెట్టేసింది. గీత అద్భుతంగా వచ్చింది. డైరెక్టరు కేకు తెప్పించాడు. కంట్రోల్ గదిలో ఆపరేటరు వోయ్కో ఇంట్లో చేసిన వైన్ తెచ్చి అందరికీ పోశాడు. ఇక పక్కనుంచి చూసేవాళ్ళెవరూ లేరన్న సంగతి ఆ సందడిలో ఎవరికీ తట్టలేదు. నెవెంకాకి తట్టింది. ఇంకో సాక్షిని తరవాత పెట్టుకోవచ్చులే అనుకుంది. అంత చదువుకున్న మనిషి, అంతమందికి బుద్ధి చెప్పిన మనిషి, పొగడ్తకి పడిపోయింది.

ఫిబ్రవరిలో బూర్య జోరు మీదున్న రోజు పొద్దున్నే దారింకా వచ్చింది. దారింకా, నెవెంకా లూబ్లియానాలో చదువుకున్నప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళు. దారింకా మొగుడు స్తోయన్ కిందటి వసంతంలో పోయాడు. ఇప్పుడావిడ ఆయన దాచిపెట్టిన స్ఫటికాలని చలి ఆవిర్లు కక్కే ఫ్లాస్కులో పెట్టుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకి హత్తుకుని కంట్రోల్ గదిలోకి వచ్చింది.

"ఏమే, ఈ గాలికి కొట్టుకుపోకుండా ఎలా వచ్చావే?" అంది నెవెంకా.

"ఒళ్ళొచ్చింది గదా. ఇన్నాళ్ళకి దాంతో ఒక ఉపయోగం కనిపించింది."

ఇద్దరూ నవ్వారు. దారింకా నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"రెండే ఉన్నాయి నెవెంకా. కొత్తవి చెయ్యాలని ఏడాదంతా నేనూ ప్రయత్నించాను. ఆయన వాడిన నీళ్ళే, ఆయన వాడిన ఉప్పే, ఆయన అల్మారాలోనే పెట్టాను. నాకు బురద తప్ప ఏమీ రాలేదు. ఆయన చేతిలో ఏముందో ఆయనతోనే పోయింది. ఇవి కూడా పోతే ఇక లేవు."

స్తోయన్ బతుకంతా ఒక్క మాట పట్టుకుని వేలాడాడు. ఆ కొండల కింద గుహల్లో, చీకటి నీళ్ళల్లో, పాలిపోయిన ఒక గుడ్డి ప్రాణి ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు మనిషిచేప అంటారు. తిండి లేకుండా ఏళ్ళ తరబడి బతుకుతుంది. దాని ఒంట్లో ఉన్న ఒక ప్రోటీనుకి మూత లాంటిదుందనీ, ఆకలేసినప్పుడు ఆ మూత పడిపోయి ఒళ్ళంతా నిద్రపోతుందనీ ఆయన వాదన. మూతా లేదు, బుట్టా లేదు అని తోటివాళ్ళు నవ్వారు. ఒక పెద్ద ప్రొఫెసరు సభలోనే "స్తోయన్ గుహలో మరీ ఎక్కువసేపు కూర్చున్నాడు" అన్నాడు. ఆ మాట ఆయన్ని జబ్బుకన్నా ముందే సగం చంపేసింది. మూత ఉందో లేదో ఆ ప్రోటీనుతో ఆయన చేసిన ఆ రెండు స్ఫటికాలే చెప్పాలి. ఇంకెవరూ చెప్పలేరు.

"నా కాపరి ఉండగా నీకెందుకే బెంగ? బూర్య కాదు, భూకంపం వచ్చినా గీత కదలదు," అంది నెవెంకా.

"మరీ అంత కోతలు కొయ్యకు తల్లీ, పైనున్నాయన వింటాడు," అన్నాడు వోయ్కో కాఫీ కప్పులోంచి తలెత్తకుండా.

"నువ్వు నోరుమూసుకుని తెర చూసుకో."

"చూసేందుకేముంది? నీ గీత చూస్తూ కూర్చుంటే నిద్రొస్తోంది. పాత గీతే నయం, కాస్త ఆడుతూ పాడుతూ ఉండేది."

స్ఫటికాల గది చూసుకునేవాడు రాదో అనే కుర్ర శాస్త్రవేత్త. నెమ్మదస్తుడు, చెయ్యి తిరిగినవాడు. మొదటి స్ఫటికాన్ని వెలుగు దారిలో, వెలుగు పడాల్సిన చోటుకి తెర మీద పెట్టుకున్న ప్లస్ గుర్తు దగ్గర సరిగ్గా నిలబెట్టాడు. గది మందపాటి తలుపు మూసి, బయట కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మొదటి బొమ్మలోనే చుక్కలు విరగబూసినట్టు వచ్చాయి. వెనక నిలబడ్డ దారింకా అతని భుజం గట్టిగా పట్టుకుంది.

"ఇంత బాగా నేనెప్పుడూ చూడలేదండీ," అన్నాడు రాదో.

"ఆయన చెయ్యి," అంది దారింకా.

అయితే బొమ్మలు పోగవుతున్న కొద్దీ చుక్కలు పలచబడ్డాయి. అంచుల్లోవి ముందు మాయమయ్యాయి. తరవాత లోపలివీ మసకేశాయి. మూత సంగతి తేలడానికి కావలసినన్ని బొమ్మలు రాకముందే తెర వట్టిపోయింది. రాదో ఫోన్ చేశాడు. నెవెంకా కంట్రోల్ గదిలో తెర ముందు నిలబడి చూసింది. గీత కాగితం మీద స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. అయినా మనసాగక తనే నడుచుకుంటూ స్ఫటికాల గది ఉన్న హాల్లోకి వచ్చింది.

"పుంజం కదల్లేదు రాదో. నేను చూసే వస్తున్నాను."

"వెలుగు పడీ పడీ స్ఫటికమే అలిసిపోయిందేమోనండీ," అన్నాడు రాదో. కాసేపు బుర్ర గోక్కుని, "ఎందుకైనా మంచిది, ఒకసారి మెరిసే పలక పెట్టి చూడనా? స్ఫటికం ఉండేచోట పలక పెడితే వెలుగు ఎక్కడ పడుతోందో కంటికే కనిపిస్తుంది కదా. పావుగంట పని," అన్నాడు.

ఆ పలక పెట్టి చూసుకోవడం ఒకప్పుడు పొద్దున్నే పళ్ళు తోముకోవడమంత అలవాటు వాళ్ళకి. గీత తిన్ననయ్యాక అందరూ మానేశారు.

"ఏం, నా గీత మీద నమ్మకం లేదా?" అంది నెవెంకా.

"అబ్బే, అలా అని కాదండీ."

"మరెలా? గాలికి కదిలితే గీతలో కనిపించదూ? మధ్యాహ్నం ఈ గది వేరేవాళ్ళది. ఈవిడకున్న టైమే అంతంతమాత్రం. పలకలతో ఆడుకుంటావా?"

రాదో దారింకా వంక చూశాడు. దారింకా నెవెంకా వంక చూసి, "నెవెంకా చెప్పాక ఇంక పలకెందుకు బాబూ. పెట్టు రెండోది," అంది.

రెండో స్ఫటికం మొదటిదానికన్నా పెద్దది, అంచులు ఇంకా తేటగా ఉన్నాయి. రాదో ఊపిరి బిగపట్టి దాన్ని ప్లస్ గుర్తు దగ్గర నిలబెట్టాడు. మొదటి బొమ్మలో నాలుగైదు చుక్కలు, అవీ తెల్లవారుజాము నక్షత్రాల్లా వెలవెలబోతూ. రెండో బొమ్మలో అవీ లేవు. దారింకా తెర మీదికి వంగింది.

"వెలుగు చాలట్లేదేమో. దాన్ని తగ్గించే రేకులన్నీ తీసెయ్యి," అంది.

"పూర్తి వెలుగు పడితే స్ఫటికం తట్టుకోదండీ."

"చుక్కలే రాకపోతే ఏం చేసుకుంటాను దాన్ని? తియ్యి!"

తీశాడు. సూక్ష్మదర్శిని తెర మీద ముగ్గురికీ కనిపించింది. స్ఫటికం ఒక పక్కనుంచి తెల్లబడింది, మధ్యకి చీలింది, తరవాత మసిపట్టిన ఐసుముక్కలా అయిపోయింది. చుక్కలు రానే లేదు. పైన రేకుల కప్పు మీద గాలి దబదబా బాదుతోంది.

మధ్యాహ్నం క్యాంటీన్లో నెవెంకా, దారింకా ఎదురెదురుగా కూర్చున్నారు. పుల్లక్యాబేజీ, చిక్కుళ్ళు వేసి కాచిన యోత చల్లారిపోతోంది. దారింకా గిన్నెలో చెంచా తిప్పింది. తరవాత మాట్లాడింది. ఆ గొంతు విని నెవెంకా ఆశ్చర్యపోయింది. పొద్దున్న ఉన్న బిగువు అందులో లేదు.

"పైకి అంత అందంగా ఉన్నాయి, లోపల అణువులకి నిలిచే వరసే లేదు. ఆయన చెప్పిన మూతే ఉంటే అవి ఇలా చెదిరేవి కావు. పొరబడ్డాడే స్తోయన్. జీవితమంతా పొరబడ్డాడు."

"అలా అనకే."

"అననీ. ఆస్పత్రిలో ఆఖర్న నన్నడిగాడు, నువ్వైనా నమ్ముతున్నావా అని. నమ్ముతున్నానన్నాను. అబద్ధం. నాకెప్పుడూ సగం అనుమానమే. ఆయన పోయినప్పట్నించీ ఆ అబద్ధం నన్ను పీక్కుతింటోంది. రాత్రుళ్ళు లేచి కూర్చుంటాను, నిజమే అయితే ఎలా, నేను నమ్మకుండానే సాగనంపానే అని. ఇవాళ తేలిపోయింది. పిచ్చి మనిషి, పొరబడ్డాడు. పొరబడ్డవాడి మీద జాలి పడొచ్చు. ఏడవొచ్చు. ఆ సామానంతా సర్దేసి, గది తాళం యూనివర్సిటీకి ఇచ్చెయ్యొచ్చు."

నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే యోత తినడం మొదలుపెట్టింది. ఆకలి తెలిసి తిన్నట్టు తింది. నెవెంకా కళ్ళు తుడుచుకుని, పోనీలే, ఇలాగైనా దీనికి కాస్త మనశ్శాంతి దొరికింది అనుకుంది.

దారింకా అతిథుల గదికి వెళ్ళి పడుకుంది. చేతితొడుగులు హాల్లో బెంచీ మీద మరిచిపోయింది. వాటికోసం వెళ్ళిన నెవెంకాకి అక్కడ మడమలకి చల్లగా తగిలింది. వంగి చూసింది. క్రేను వెళ్ళే పెద్ద తలుపు కింద రబ్బరు పట్టీ చినిగి, ఆ సందులోంచి బూర్య సన్నగా, కత్తిలా నేలబారున వస్తోంది. తిన్నగా వచ్చి ఎదురుగా ఉన్న స్టాండు కాళ్ళని కొడుతోంది. సాక్షిని మోస్తున్న స్టాండు అది. నెవెంకా చెయ్యి వేసి చూసింది. ఇనుము మంచులా ఉంది.

ఇనుము చల్లబడితే కుంచించుకుపోతుంది. స్టాండు కుంగితే సాక్షి కుంగుతుంది. కుంగిన సాక్షికి పుంజమే పైకి లేచినట్టు కనిపిస్తుంది, కిందకి దించమంటుంది. కాపరి సాక్షి మాట విని దించుతాడు. మళ్ళీ దించుతాడు. పరుగులాంటి నడకతో కంట్రోల్ గదికి వచ్చింది. తెర మీది గీత పుంజం ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉందో ఆ రెంటి తేడా మాత్రమే చూపిస్తుంది. ఆవిడ తేడా వదిలేసి అసలు అంకెలు బయటికి తీసింది. ఎక్కడ ఉండాలి అన్నదే పొద్దున్నుంచీ కొద్దికొద్దిగా కిందకి జారుతూ వచ్చింది. పుంజం దాని వెనకాలే బుద్ధిగా దిగింది. తేడా సున్నా. గీత తిన్నన.

"రాదోని పలక పెట్టమను," అంది వోయ్కోతో.

తరవాతి వాళ్ళని బతిమాలి రాదో పలక పెట్టాడు. ఆకుపచ్చగా మెరిసిన వెలుగు మచ్చ ప్లస్ గుర్తుకి బాగా కిందన పడింది. స్ఫటికం ఎత్తులో సగానికన్నా కిందకి. మొదటిది వెలుగు జారిపోతుంటే మసకేసింది, పనికిరాదని చలిలోంచి తీసేసరికి కరిగిపోయింది. రెండోదానికి వెలుగు సరిగ్గా తగలనే లేదు, ఒక్క అంచుకి తగిలి, ఆ కాలిన అంచు నుంచే మొత్తం చీలిపోయింది. లోపల వరస ఉందో లేదో దాన్నెవరూ అడగనే లేదు.

నెవెంకా అడిగితే రాదో ఉన్న బొమ్మలకి మళ్ళీ లెక్క వేశాడు, చాలవన్నాడు. తిట్టుగా ఒక్క మాటంటే నెవెంకాకి కాస్త నయంగా ఉండేది. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ కంట్రోల్ గదికి తిరిగొచ్చాక వోయ్కో కుర్చీ దగ్గరికి జరిపాడు. "ఆవిడతో చెప్తావా?"

"చెప్పకుండా ఎలా ఉంటాను?"

"చెప్పి ఏం ఒరగబెడతావు? స్ఫటికాలు తిరిగొస్తాయా? ఆవిడేదో ఏడ్చి, తిని, పడుకుంది. పడుకోనీ. డైరెక్టరుకి చెప్పు, నాలుగు చీవాట్లు తిను, సాక్షిని దాని చోట పెట్టు. ఆవిణ్ణి మాత్రం వదిలెయ్యి."

"మొగుడు తప్పని నమ్ముతోంది వోయ్కో. నా మూలాన."

"నమ్మనీ. నమ్మితే ఏం పోయింది? పోయినాయనకి తెలుస్తుందా?"

నెవెంకా చేతితొడుగులు తీసుకుని బయటికి నడిచింది. గాలికి అడ్డంగా ఒళ్ళు వంచుకుని ఆవరణ దాటుతున్నంతసేపూ, చెప్పకపోతే తను మనిషే కాదని అనుకుంది. తను మనిషిననిపించుకోవడానికి చెబుతోందా, దారింకా కోసం చెబుతోందా అని అడుగుకొక్కసారి సందేహం వచ్చింది. రెండోదే నిజమని సర్దిచెప్పుకుంది.

దారింకా నిద్ర మొహంతో తలుపు తీసింది. మొహం తేరుకుని ఉంది. నెవెంకా గుమ్మంలోనే నిలబడి, ఎక్కడా ఆపకుండా మొత్తం చెప్పేసింది. ద్రాక్ష కోతలప్పటి సంగతి, డైరెక్టరు మాట, కేకు, సాక్షి, తలుపు కింద గాలి, పలక మీద మచ్చ. పలక వద్దన్నది తనేనని రెండుసార్లు చెప్పింది.

దారింకా మంచం అంచున కూర్చుంది.

"అయితే ఆయన పొరబడలేదా?"

"పొరబడ్డాడని ఇవాళ తేలలేదు."

"ఒప్పని తేలిందా?"

"లేదు. ఉన్న కాసిని బొమ్మలూ చాలవు. రాదోతో మళ్ళీ లెక్క వేయించాను. చాలవు."

"ఇంకెప్పుడైనా తేలుతుందా?"

నెవెంకాకి ఏదైనా ఆశ చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. "లేదు," అంది.

దారింకా తల ఊపింది.

"నన్ను తిట్టవే," అంది నెవెంకా. "కొట్టు. ఏదో ఒకటి చెయ్యి."

"తిడితే నీకు బావుంటుంది. నాకేం?" దారింకా గొంతులో కోపం లేదు, అదే నెవెంకాని భయపెట్టింది. "ఆస్పత్రి మంచం మీద ఆయనడిగిన మాటకి మధ్యాహ్నం జవాబు దొరికిందనుకున్నాను. పొరబడ్డాడనుకుని గంటసేపు హాయిగా నిద్రపోయాను, ఏడాది తరవాత. ఇప్పుడు మళ్ళీ అడుగుతాడు. నమ్ముతున్నావా దారింకా అని రోజూ అడుగుతాడు. ఇదివరకు, ఉండు, స్ఫటికాలు ఉన్నాయిగా, చూసి చెప్తాను అనేదాన్ని." కళ్ళెత్తి స్నేహితురాలి వంక చూసింది. "ఇవాళ రాత్రి అడిగితే ఏమనాలో నువ్వు చెప్పు."

నెవెంకా చేతిలోని తొడుగులు మంచం మీద పెట్టింది. దారింకా జవాబు వినడానికి ఎదురుచూస్తూనే కూర్చుంది.